మా చెమటకు పెట్రోలు వాసన అంటగట్టిందెవరు?

సౌదీ సర్కారు మా వాళ్ళకిచ్చే ఇఖామా మీద వృత్తి అన్న చోట ఏళ్ళ తరబడి ఒకే మాట రాసి ఉండేది. ఆమిల్. మా గల్లీల్లో ఆమిల్ అంటే తావీజు రాసిచ్చేవాడు, దయ్యాలు వదిలించేవాడు. అక్కడ ఆమిల్ అంటే కూలివాడు. కొడుకు పంపిన కార్డు నకలు ఎవరితోనో చదివించుకుని, 'మావాడు ఆమిల్ అయ్యాడట' అని మురిసిపోయిన ముసలమ్మలు మా ఇళ్ళలో ఉన్నారు. అసలు అర్థం తెలిశాక వాళ్ళు మళ్ళీ ఆ కార్డు ముట్టుకోలేదు.

ఈ ఒక్క మాటతోనే మొదలుపెడతాం. తెలుగు నేల మీద మాకు ఎన్ని పేర్లున్నాయి! తురకోళ్ళు. సాయిబులు. రజాకార్లు. పాకిస్తానోళ్ళు. ఓటు బ్యాంకు. చివరికి పెట్రోడాలర్ల వాళ్ళు. ఇన్ని పేర్లలో కార్మికులు అన్న మాట లేదు. మేం కార్మికులమని కాగితం మీద రాసింది అరబ్ సర్కారే. అదీ మా మీద గౌరవంతో కాదు, మేం ఎంతకు దొరుకుతామో లెక్క రాసుకోవడానికి.

గల్ఫ్ ఫ్యాక్టరీల్లో మా బతుకు గురించి మేమే మాట్లాడదలచుకున్నాం. ఇన్నాళ్ళూ ఎందుకు మాట్లాడలేదో కూడా చెబుతాం. ఇది వింటే మీకూ నొప్పి కలుగుతుంది, మా వాళ్ళకూ నొప్పి కలుగుతుంది. కలగనీ.

మొదట ఎందుకు పోయామో చెప్పాలి. సాయిబులకు అరబ్బు దేశాలంటే ప్రేమ అని చిన్నప్పట్నించీ వింటున్నాం. ప్రేమ కొద్దీ ఎవడూ కొలిమి ముందు పన్నెండు గంటలు నిలబడడు. 1948లో హైదరాబాద్ రాజ్యం కూలినప్పుడు గద్దె దిగింది నిజాం, వీధిన పడింది మేం. చప్రాసీలు, జవాన్లు, గుమాస్తాలు, తాలూకా కచేరీల్లో చిన్న కొలువుల వాళ్ళు వేల మంది ఒక్క ఏడాదిలో నౌకరీలు పోగొట్టుకున్నారు. ఉర్దూలో చదివిన చదువు కొలువుకు పనికిరాకుండా పోయింది. అయినా మీ పుస్తకాల్లో మేం నవాబుల వారసులమే. ఆ నవాబుల వారసులు ఎక్కడున్నారో మాకు తెలియదు. మా తాతలు దూది ఏకారు, గాజులమ్మారు, టాంగాలు తోలారు, గుర్రాలకు నాడాలు కొట్టారు, రిక్షాలు తొక్కారు. మా అమ్మలు, నానమ్మలు పరదా వెనక కూర్చుని బీడీలు చుట్టారు, జర్దోసీ కుట్టారు. అది పని అని ఎవరూ లెక్క రాయలేదు.

ఆంధ్రలో నిజాం లేడు. అయినా రాయచోటి, కడప, నెల్లూరు సాయిబు కూడా కువైట్ విమానమే ఎక్కాడు. మరి ఆయన ఏ నవాబు వారసుడు?

ఊళ్ళో మిగిలిన ఫ్యాక్టరీల సంగతీ చూశాం. వరంగల్ ఆజంజాహి మిల్లు 1934లో మొదలైంది. ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టింది. తర్వాత మూతబడింది. ఇవాళ దాని స్థలం ప్లాట్లు. బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్‌లో లే ఆఫ్ అని కాగితం అంటించి తాళం వేశారు. ఆ ఫ్యాక్టరీలో హిందువూ ఉన్నాడు, ముసల్మానూ ఉన్నాడు. తాళం ఇద్దరి మీదా పడింది. ఇక్కడ గేటు మూసుకున్నాక అక్కడి గేటు దగ్గర నిలబడ్డాం. ఇందులో మతం ఎక్కడుంది?

1973లో చమురు ధర పెరిగాక గల్ఫ్ దేశాలకు చేతులు కావలసి వచ్చాయి. ఎడారిలో జుబైల్ లాంటి పారిశ్రామిక నగరాలు లేచాయి. అల్యూమినియం, ఎరువులు, సిమెంటు, కేబుళ్ళు, ప్లాస్టిక్ పైపులు, సీసాలు. వీటిని తయారు చెయ్యడానికి మనుషులు కావాలి. ఆ మనుషులు యూనియన్ పెట్టకూడదు, పెళ్ళాం బిడ్డల్ని తేకూడదు, ముసలివాళ్ళయ్యాక అక్కడ ఉండకూడదు. అలాంటి మనుషులు ఎక్కడ దొరుకుతారో వాళ్ళు వెతుక్కున్నారు. కరీంనగర్, నిజామాబాద్, పాతబస్తీ, కడప, రాయచోటి చూపించినవాళ్ళు మన ఏజెంట్లే.

2006లో సచార్ కమిటీ చెప్పకముందే మాకు మా సంగతి తెలుసు. ముస్లింల అక్షరాస్యత 59.1 శాతం, దేశం సగటు 65.1 అని ఆ నివేదిక రాసింది. మా పిల్లలు ఏడులోనో ఎనిమిదిలోనో బడి మానేసి మెకానిక్ షెడ్డుకు పోతారని మాకు ఎవరు చెప్పాలి? అయితే ఆ మానేసిన చదువు గల్ఫ్ దారిలో మళ్ళీ ఎదురవుతుంది. 1983 వలస చట్టం ప్రకారం పదో తరగతి పాసు కానివాడి పాస్‌పోర్టుకు ఇ.సి.ఆర్ అని గుర్తు. అలాంటివాడు గల్ఫ్‌కు పోవాలంటే సర్కారు అనుమతి తీసుకోవాలి. మమ్మల్ని కాపాడడానికే ఆ గుర్తు అంటారు. కాపాడిందో లేదో గానీ, ఎవడు అమాయకుడో ఏజెంటుకు ఒక్క చూపులో తెలిసిపోయేలా చేసింది.

చట్టం ప్రకారం ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. ఈ సంగతి మా బస్తీల్లో చెప్పండి, నవ్వుతారు. నవ్వి, భార్య మెళ్ళో లచ్ఛా ఎక్కడ కుదువబెట్టారో చెబుతారు. నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు తీర్చడానికి మొదటి రెండేళ్ళు పోతాయి. ఆ రెండేళ్ళూ ఆయన అక్కడ షిఫ్టులో ఉంటాడు, ఆమె ఇక్కడ చేట ముందు ఉంటుంది. బోధన్‌లో, నిజామాబాద్‌లో మా ఆడవాళ్ళు చుట్టే బీడీల మీదే ఇల్లు నడుస్తుంది. గల్ఫ్ డబ్బుతో ఇల్లు నడుస్తోందని ఊరంతా అనుకుంటుంది.

ఆ డబ్బు ఇచ్చి ఇక్కడ సంతకం పెట్టిన కాగితం ఒకటి, అక్కడ దిగాక అరబ్బీలో ముందు పెట్టిన కాగితం ఇంకొకటి. ఖురాన్ అక్షరాలు చదవగలిగినా ఆ కాగితం అర్థం కాదు. చదవడం వేరు, అర్థం కావడం వేరు అని ఆ రోజు తెలుస్తుంది. ముంబైలో ట్రేడ్ టెస్టు పాసైన ఫిట్టర్ అక్కడ హెల్పర్ అవుతాడు. వెల్డర్ బస్తాలు మోస్తాడు. జీతం బేసిక్ ఇంత, ఓవర్‌టైం అంత అని చెప్పి, ఓవర్‌టైం కలిపితేనే ఇల్లు గడిచేలా బేసిక్ పెడతారు. ఎనిమిది గంటల డ్యూటీ పన్నెండు గంటలు ఎందుకవుతుందో ఇప్పుడర్థమైందా? ఎవరూ బలవంతం చెయ్యరు. బేసిక్కే బలవంతం చేస్తుంది. ఉద్యోగం చివర ఇచ్చే గ్రాట్యుటీని కూడా ఆ బేసిక్ మీదే కట్టే కంపెనీలకు కొదవ లేదు.

పారిశ్రామిక వాడను మా వాళ్ళు సనాయా అంటారు. దోహాలో సనాయా, రియాద్‌లో సనాయా. దుబాయిలో పెద్ద లేబర్ క్యాంపు ఉన్న చోటుకు మన దేశం నుంచి పోయినవాళ్ళు పెట్టుకున్న పేరు సోనాపూర్. బంగారు ఊరట! ఎంత వెక్కిరింపు! ఒక్కో గదిలో పైనొకరు కిందొకరు పడుకునే ఇనుప మంచాలు. పగటి షిఫ్టువాడు లేచిన మంచం వేడి ఆరకముందే రాత్రి షిఫ్టువాడు పడుకుంటాడు. గోడకు మేకు, మేకుకు సంచి, సంచిలో పిల్లల ఫోటో. ఇరవై ఏళ్ళ సంసారం ఆ మేకుకే వేలాడుతుంది.

వేసవిలో మధ్యాహ్నం పూట బయట పని చేయించకూడదని గల్ఫ్ దేశాలన్నీ చట్టాలు చేశాయి. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పన్నెండున్నర నుంచి మూడు వరకు పని ఆపాలి. ఖతర్‌లో 2021 నుంచి పొద్దున పది నుంచి మూడున్నర దాకా. మంచిదే. కాని ఆ చట్టం ఎండకు, ఆరుబయటకు. రేకుల షెడ్డు కింద కరిగిన లోహం ముందు నిలబడ్డవాడి మీద ఎండ పడడం లేదు కదా! అతనికి చట్టం వర్తించదు. మౌల్డింగ్ మిషన్ దగ్గర, బేకరీ భట్టీ దగ్గర, అల్యూమినియం కొలిమి దగ్గర మధ్యాహ్నం అన్నది ఉండదు. ప్రెస్సు కింద వేలు పోయినవాడిని అడగండి. వేలు పోయిన సంగతి చెప్పడు, ఆ నెల ఓవర్‌టైం పోయిన సంగతి చెబుతాడు.

ఇప్పుడు మా వాళ్ళకు నొప్పి కలిగే మాట చెబుతాం.

మా అబ్బాలు, మామయ్యలు సౌదీకి పోతుంటే మొహల్లా అంతా వచ్చి చేతులు కళ్ళకద్దుకునేది. మక్కా మదీనా గడ్డకు పోతున్నావు, మా కోసం దువా చెయ్యి అనేది. జుబైల్ నుంచి మక్కా వెయ్యి కిలోమీటర్లకు పైనే. ఉమ్రాకు పోవాలన్నా కంపెనీ సెలవివ్వాలి, పాస్‌పోర్టు, ఇఖామా సరిగ్గా ఉండాలి. ఏళ్ళ తరబడి ఆ గడ్డ మీదే ఉండి కాబాను చూడకుండా తిరిగొచ్చినవాళ్ళు మాలో ఉన్నారు. వాళ్ళు ఆ సంగతి ఎవరికీ చెప్పరు. ఆబే జంజం బాటిల్ దమ్మాం బజారులో కొనుక్కుని వచ్చి ఊళ్ళో పంచుతారు.

జుమ్మా నాడు సఫ్‌లో అరబ్బు భుజం, మా భుజం తగులుతాయి. సలాం తిప్పి బయటికొచ్చాక మేం రఫీక్‌లం. రఫీక్ అంటే స్నేహితుడు. పేరు తెలుసుకునే అవసరం లేనివాడిని పిలవడానికి అక్కడ ఆ మాట వాడతారు. అరబ్బుకు అజమీ మీద గొప్పతనం లేదని ప్రవక్త చెప్పారు. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్నారు. ఆ మాటలు పుట్టిన గడ్డ మీదే నాలుగు నెలల జీతం ఎగ్గొట్టిన యజమాని ముందు మా వాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒకే మిషన్ దగ్గర పనికి పాస్‌పోర్టును బట్టి జీతం మారుతుంది. మా కలిమా ఆ జీతాన్ని ఒక్క రియాల్ కూడా పెంచలేదు.

కఫీల్ అంటే మా ఉర్దూలో పోషించేవాడు, బాధ్యత తీసుకున్నవాడు. అక్కడ కఫీల్ అంటే మన పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉందో వాడు. అలా పెట్టుకోవడం సౌదీ చట్టం ప్రకారమే తప్పు. తప్పయినా బీరువా మూసే ఉంటుంది. పని మానేసి బయటికి పోతే హురూబ్ అని రాయిస్తాడు. అప్పట్నుంచీ మనిషి దొంగ. 2020లో ఖతర్, యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారవచ్చంది. 2021లో 1,000 రియాళ్ళ కనీస వేతనం పెట్టింది. సౌదీ కూడా 2021లో కొన్ని ముడులు వదులు చేసింది. ఇవి జరిగినందుకు సంతోషమే. కాని ఎప్పుడు జరిగాయి? ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు కోసం స్టేడియాలు కడుతుంటే లోకం కళ్ళు అటు తిరిగాక. అంతకుముందు నలభై ఏళ్ళు లోకం కళ్ళూ మూసే ఉన్నాయి, ఉమ్మత్ కళ్ళూ మూసే ఉన్నాయి.

ఇంతకూ మమ్మల్ని ఆ బీరువా దాకా తీసుకుపోయినవాడు ఎవడు? 'భాయి, ఆజాద్ వీసా ఉంది, నీ ఇష్టం వచ్చిన చోట పనిచేసుకోవచ్చు' అన్న ఏజెంటు మా మొహల్లావాడే. రంజాన్‌లో మసీదుకు ఫ్యాన్లు ఇచ్చిన పెద్దమనిషే. ఆ ఫ్యాన్ల కింద నమాజు చేస్తూ మేం ఆయన కోసం దువా చేశాం. ఆ గాలి ఎవరి లచ్ఛా అమ్మితే వచ్చిందో అడగలేదు.

చావు సంగతీ చెప్పాలి. శంషాబాద్ విమానాశ్రయానికి పెట్టెలు వస్తాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెలకు పోతాయి. అందులో పద్మశాలి ఉంటాడు, ముదిరాజు ఉంటాడు, మాల మాదిగలుంటారు. మా వాళ్ళ పెట్టెలు తక్కువ వస్తాయి. మా వాళ్ళు తక్కువ చస్తున్నారని కాదు. పవిత్రమైన మట్టి దొరికింది, అదృష్టవంతుడు, అక్కడే మట్టి చేయించండి అని మా పెద్దలే నచ్చజెబుతారు. తల్లి తల ఊపుతుంది. కాగితం మీద వేలిముద్ర పడుతుంది. కంపెనీకి పెట్టె ఖర్చు మిగులుతుంది. సర్టిఫికెట్‌లో గుండె ఆగిందని రాస్తారు. గుండె ఆగకుండా చచ్చినవాడు ఎవడైనా ఉన్నాడా? పన్నెండు గంటల షిఫ్టు ఎందుకు ఆగలేదో ఆ కాగితం చెప్పదు. మట్టి మీద మాకున్న భక్తి కంపెనీ ఖాతాలో ఇలా జమ అవుతోంది. ఈ మాట చెబితే ఈమాన్ తగ్గుతుందని ఎవరైనా అంటే, తగ్గేది ఎవరి ఈమానో వాళ్ళే ఆలోచించుకోవాలి.

మరి ఇవన్నీ ఇన్నాళ్ళూ ఎందుకు దాచుకున్నాం?

మీకు భయపడి. అవును, మీకే.

ముస్లిం దేశంలో ముస్లింనే ఇలా చూస్తారని మేం నోరు తెరిస్తే, 'చూశారా, మీ మతంవాళ్ళే మిమ్మల్ని తన్నారు, ఇంకా అటు చూస్తారా' అని నవ్వడానికి వీధి చివర ఒక గుంపు కాచుకుని ఉంటుంది. మా గాయాన్ని ఎత్తి చూపించి వాళ్ళు ఓట్లడుగుతారు. అందుకని పండుగకు ఇంటికొచ్చిన ప్రతి మనిషీ అత్తరు పూసుకుని, కొత్త వాచీ పెట్టుకుని, 'అల్లా దయవల్ల బాగానే ఉంది' అన్నాడు. ఆ అబద్ధం విని తమ్ముడు ఏజెంటు దగ్గరికి పోయాడు. అబద్ధం ఖరీదు తమ్ముడు కట్టాడు. ఇక చెప్పం. మమ్మల్ని వెక్కిరించేవాళ్ళ భయంతో మా పిల్లల్ని కొలిమిలోకి పంపలేం.

వెక్కిరించేవాళ్ళకు ఒక మాట. 1981లో తమిళనాడు మీనాక్షిపురంలో దళితులు ఇస్లాంలోకి మారారు. అగ్రకులాల వేధింపు భరించలేక మారామని వాళ్ళే చెప్పారు. మీరు వినలేదు. గల్ఫ్ డబ్బు అన్నారు. అప్పట్నించీ మా ఇంటికి సున్నం వేసినా గల్ఫ్ డబ్బే, మసీదుకు మినార్ లేచినా గల్ఫ్ డబ్బే. అదే సనాయాలో, అదే గదిలో, పై మంచం మీద పడుకున్న పద్మశాలి తమ్ముడు ఊళ్ళో రెండంతస్తుల ఇల్లు కడితే కష్టార్జితం. కింద మంచం మీద పడుకున్న మేం కడితే కుట్ర. ఒకే మిషన్, ఒకే షిఫ్టు, ఒకే రియాల్. హైదరాబాద్‌లో దిగేసరికి ఒకరి రియాల్‌కు సున్తీ అయిపోతుంది!

ప్రపంచంలో బయటి దేశాల నుంచి ఇంటికి పంపిన డబ్బు అందరికన్నా ఎక్కువ అందుకునేది భారతదేశమే. 2023లో అది సుమారు 12,000 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు లెక్క. అమెరికా ఇంజినీరు వాటా అందులో ఉంది, గల్ఫ్ కూలీ వాటా కూడా ఉంది. రిజర్వు బ్యాంకులో చేరేటప్పుడు ఆ డబ్బు విదేశీ మారకం. మా గల్లీలో దిగేటప్పుడు విదేశీ హస్తం. అరబ్బుల పెట్రోలు పోయించుకున్న మోటారు సైకిల్ మీద వచ్చి, మా మసీదు ముందు ఆగి, అరబ్బుల డబ్బని అరిచేవాళ్ళను మేం చూశాం. ఆ ట్యాంకులో ఉన్నదేమిటో ఒక్కసారి మూత తీసి చూసుకోండి.

ఇక లౌకిక మిత్రులతో. మీరు మా శత్రువులు కాదు. అందుకే మీతో తగాదా.

మీరు పాలమూరు లేబర్ గురించి రాశారు. బొంబాయి పోయిన చేనేత కార్మికుడి గురించి రాశారు. చదివి మేమూ కన్నీళ్ళు పెట్టుకున్నాం. మా దగ్గరికొచ్చేసరికి మీ ప్రశ్నలు మారిపోతాయి. తలాక్ గురించి అడుగుతారు. బురఖా గురించి అడుగుతారు. బాంబు పేలితే ఖండించారా అని అడుగుతారు. ఒక్కసారైనా 'మీ అబ్బా జీతమెంత, ఓవర్‌టైం ఇచ్చారా' అని అడిగారా? మీ మేడే పోస్టరు మీద సుత్తి పట్టుకున్న మనిషికి ఎప్పుడైనా గడ్డం, టోపీ వేశారా? మతం మాట్లాడితే మేం వెనకబడ్డవాళ్ళం. వర్గం మాట్లాడదామంటే మీ వర్గంలో మాకు చోటు లేదు. సౌదీలో, ఎమిరేట్స్‌లో, ఖతర్‌లో వలస కార్మికుడికి యూనియన్ హక్కు లేదు. సమ్మె చేసినవాడిని విమానం ఎక్కిస్తారు. అక్కడ లేదు సరే. ఇక్కడ, ఇందిరా పార్కు దగ్గర మీ జెండా కింద మా కోసం ఎన్ని ధర్నాలు జరిగాయి?

దేశం సంగతి కూడా చూశాం. 1990 ఆగస్టులో కువైట్‌ను ఇరాక్ ఆక్రమించినప్పుడు అమ్మాన్ నుంచి విమానాలు వేసి లక్షన్నరకు పైగా మనవాళ్ళను తెచ్చారు. మేం మరచిపోలేదు. 2013లో సౌదీ నితాఖత్ దెబ్బకు లక్షకు పైగా భారతీయులు తిరిగొచ్చారు. వచ్చాక ఏం తిన్నారో అడిగినవాడు లేడు. యుద్ధం వస్తే విమానం వస్తుంది. జీతం రాకపోతే ఏమీ రాదు. అంతకన్నా ఘోరం 2020లో చూశాం. కరోనాలో దోహా సనాయాకు తాళాలు వేసి వేలాది కార్మికులను లోపలే ఉంచారు. ఉన్న ఉద్యోగాలు పోతున్నాయి. అప్పుడు సెప్టెంబర్‌లో మన కేంద్ర ప్రభుత్వం ఏం చేసింది? గల్ఫ్‌కు పోయే భారతీయ కూలీకి ఇంతకన్నా తక్కువ ఇవ్వకూడదని తానే పెట్టిన కనీస జీతాన్ని తానే తగ్గించింది. ఖతర్, ఎమిరేట్స్, ఒమాన్, బహ్రెయిన్‌లకు నెలకు 200 డాలర్లు చాలంది. అరబ్బు అడగకముందే మా ధర మన సర్కారే తగ్గించింది! తెలంగాణ హైకోర్టులో కేసు పడింది. 2021 జూలైలో ఆ ఉత్తర్వులు వెనక్కి తీసుకున్నారు. ఆ కేసు నడిపినవాళ్ళు గల్ఫ్ కార్మికుల సంఘాలవాళ్ళు. అప్పుడు మా మతపెద్దలు ఎక్కడున్నారు? మీ లౌకిక వేదికలు ఎక్కడున్నాయి?

2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులుండే భవనానికి నిప్పంటుకుంది. కనీసం 45 మంది భారతీయులు చనిపోయారు. అందులో ఆంధ్రప్రదేశ్ వాళ్ళు ముగ్గురు. పొగ ఎవరి మతమూ అడగలేదు. నిద్రలో ఉన్నవాడిని నిద్రలోనే తీసుకుపోయింది. పాలస్తీనా కోసం మా వీధుల్లో జులూసులు తీశాం, ఇంకా తీస్తాం, అది న్యాయం. కాని ఆ చనిపోయినవాళ్ళ కోసం ఏ మసీదు ముందు చేతులెత్తాం? అరబ్బు పాలకుడి మీద కోపం రావాలంటే చచ్చినవాడు అరబ్బే అయి ఉండాలా? మన గదిలో పడుకున్నవాడు చాలడా?

కాబట్టి మేం అడిగేవి ఇవి. వలస కార్మికుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి 1990 డిసెంబర్ 18న ఒప్పందం చేసింది. గల్ఫ్ దేశాల్లో ఒక్కటీ దాన్ని ఆమోదించలేదు. మన దేశమూ ఆమోదించలేదు. ఇద్దరూ దాని మీద సంతకం పెట్టాలి. బయట ఉన్నవాడికి 2010 చట్టంతో ఓటు హక్కన్నారు, కాని ఊరికొచ్చి నిలబడితేనే వెయ్యనిస్తారు. సెలవు దొరకని కూలీకి ఆ ఓటు ఎందుకు? ఉన్నచోటే ఓటు వేసే దారి చూపాలి. చనిపోయినవాళ్ళ కుటుంబాలకు తెలంగాణ సర్కారు 2024లో 5 లక్షలు ప్రకటించింది. బతికొచ్చి వేళ్ళు, ఊపిరితిత్తులు పోగొట్టుకున్నవాడికి కూడా ఏదైనా ప్రకటించండి. చచ్చేదాకా ఆగమనకండి. మూసిన ఫ్యాక్టరీలు తెరవండి. అప్పుడు అరబ్బు దేశం మీద మా ప్రేమ ఎంతో తెలుస్తుంది.

మా వాళ్ళను అడిగేది ఇంకా సులువైనది. జుమ్మా నమాజు అయ్యాక ఒక్క అరగంట మసీదు అరుగు మీద కూర్చుందాం. వీసా వచ్చిన పిల్లవాడి కాగితాన్ని అరబ్బీ తెలిసిన మౌల్వీ సాబ్ గట్టిగా చదివి తెలుగులోనో ఉర్దూలోనో చెప్పాలి. బేసిక్ ఎంత, గంటలెన్ని, ఏ ఊరు, ఎవరు కఫీల్. ఎక్కువ డబ్బు గుంజిన ఏజెంటు ఇచ్చే ఫ్యాన్లు మాకు వద్దని కమిటీ చెప్పాలి. తిరిగొచ్చినవాళ్ళు అత్తరు కడుక్కుని నిజం చెప్పాలి. ఆ అరుగు మీదికి ముదిరాజు తమ్ముడినీ, మాదిగ అన్ననూ పిలుద్దాం. అక్కడ ఒకే గదిలో పడుకున్నవాళ్ళం, ఇక్కడ ఒకే అరుగు మీద కూర్చోలేమా?

మేం ముస్లింలం. ఆ మాట దాచుకోం, ఎవరి మెప్పు కోసమూ తగ్గించుకోం. మేం కార్మికులం. ఆ మాట కూడా ఇక ఎవరూ దాచలేరు. అరబ్బు సర్కారు ఇఖామా మీద రాసిన ఆ మాటనే మేం తీసుకుంటున్నాం. ఆమిల్. దయ్యాలు వదిలించడం మాకు చేతనవునో లేదో చూద్దురు గాని.